అటక మీద దొరికిన తాతగారి తుపాకీ: చరిత్ర ఎలా తెలుసుకోవాలి, ధర ఎంతుంటుంది?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. పోయిన కార్తీకంలో మా తాతగారు కాలం చేశారు. పాత మండువా ఇల్లు సర్దుతుంటే అటక మీద టేకు పెట్టెలో పొడవాటి రైఫిల్ ఒకటి దొరికింది. ట్రిగ్గరు పైనున్న ఇనప పలక మీద కిరీటం, దాని కింద వి.ఆర్. అని, ముందు వైపు 1862, టవర్ అని చెక్కి ఉన్నాయి. గొట్టాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీలు మూడు ఉన్నాయి. లోపల టార్చి వేసి చూస్తే నున్నగా ఉంది. తాతగారి పేరు మీద లైసెన్సు పుస్తకం ఉంది, ఆఖరి రెన్యువల్ ముద్ర 2009ది. దాంతో పాటు చిరిగిన ఇంగ్లీషు కాగితం ఒకటి, 1911 నాటిది, మా తాతగారి తాతగారి పేరుతో. కానీ దాని మీద కృష్ణా జిల్లా అని ఉంది, మాది గోదావరి జిల్లా కదా? నాన్న ఆనకట్ట కట్టినప్పుడు కాటన్ దొర ఇచ్చాడంటారు, పెదనాన్న పాలకొల్లు డచ్చి వాళ్ళదంటారు, బాబాయి అయితే అల్లూరి మనుషులు దాచమని ఇచ్చిందంటాడు. అమెరికాలో ఉన్న మా బావ, 1898కి ముందువాటికి లైసెన్సే అక్కర్లేదు, అక్కడ లక్షలు పలుకుతాయి అంటున్నాడు. దీని చరిత్ర ఎలా తెలుసుకోవాలి? ఎంత రావచ్చు? పెట్టెలో చిన్న సీసాలో నల్లటి పొడి, రేకు డబ్బాలో రాగి మూతల్లాంటివి కూడా ఉన్నాయి.

సమాధానం: మీరు ఆఖర్న ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ సీసా దగ్గరే నేను ఆగిపోయానండి. అది తుపాకీ మందు. ఆ రాగి మూతలు క్యాపులు, హ్యామర్ (ట్రిగ్గరు నొక్కితే వచ్చి కొట్టే సుత్తి లాంటి ముక్క) దెబ్బ పడగానే నిప్పు పుట్టించేవి, పాతవాటిలో మెర్క్యురీ ఫల్మినేట్ అనే పదార్థం ఉండేది, గట్టిగా రాసుకున్నా పేలగలదు. తుపాకీ మందు వందేళ్ళయింది కదా చచ్చిపోయి ఉంటుందిలే అనుకోకండి, తడిసి మళ్ళీ ఆరినా అంటుకుంటుంది. సీసా మూత తియ్యడం, ఎండలో పెట్టడం, పెరట్లో పోసి తగలెట్టడం, కాలవలో పారబొయ్యడం ఏవీ చెయ్యొద్దు. ఉన్నచోటే వదిలేసి ఆ గదికి తాళం వెయ్యండి, పిల్లల్ని అటు పోనివ్వకండి. ఇంకోటి, టార్చి వేసి గొట్టంలోకి చూశానన్నారు. ఇది మూతి నుంచి మందు కూరే తుపాకీ. ఇలాంటివాటిని ఒకసారి కూరాక మళ్ళీ ఖాళీ చెయ్యడం పెద్ద తంటా, అందుకే అడవి పందికోసమో దొంగల భయానికో కూరిపెట్టి అలాగే వదిలేసిన తుపాకులు దశాబ్దాల తర్వాత కూడా దొరుకుతుంటాయి. లోపల ఏమీ లేదని తెలిసిన మనిషి చూసి చెప్పేదాకా అది నిండుగా ఉన్నట్టే లెక్క. హ్యామర్ వెనక్కి లాగి ‘ఇంకా పనిచేస్తోందిరోయ్’ అని టక్కుమనిపించే సరదా బాబాయి గారికి ఉంటే ఆయనకి ముందే చెప్పండి.

ఇక మీ బావగారి సలహా. ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ ఆయన చెప్పింది ఆయన ఉంటున్న దేశానికి. అమెరికాలో 1968లో వచ్చిన చట్టం 1898, అంతకు ముందు తయారైన తుపాకుల్ని పురాతన వస్తువులుగా చూసి చాలా నిబంధనల నుంచి వదిలేస్తుంది. ఇంటర్నెట్‌లో పాత తుపాకుల గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది అక్కడివాళ్ళే కాబట్టి ఎక్కడ వెతికినా ఈ 1898 మాటే కనిపిస్తుంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టంలో ఇలా గీత గీసిన సంవత్సరం ఏదీ లేదు. 45వ సెక్షన్‌లో పాత తుపాకులకి మినహాయింపు ఒకటి ఉంది, దాన్ని సగం చదివి సంబరపడేవాళ్ళు కూడా ఉన్నారు. కాలం చెల్లిన నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా సరే, రిపేరు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేనిదై ఉండాలి అనేది ఆ వాక్యంలో అసలు షరతు. మీరు చెప్పిన బాపతు తుపాకీకి క్యాపు తొడిగే చిన్న ముక్క మార్చి, తుప్పు తీసి, మందు కూరితే పేలుతుంది. కాబట్టి ఇది మినహాయింపులోకి వస్తుందని మీరో నేనో మీ బావగారో తేల్చుకునే పని కాదు, లైసెన్సు ఇచ్చే అధికారి తేల్చాలి.

లైసెన్సు పుస్తకంలో ఆఖరి ముద్ర 2009ది అన్నారు, అంటే తాతగారు ఉండగానే అది చెల్లకుండా పోయింది. ఇప్పుడు ఆయన లేరు, తుపాకీ మీ ఇంట్లో ఉంది. 2019లో చట్టాన్ని సవరించాక లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళ జైలు, జరిమానా. ఇది చెప్పి మిమ్మల్ని టెన్షన్ పెట్టాలని కాదు. ఇలాంటి ఇళ్ళు డెల్టాలో చాలా ఉన్నాయి, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి చెప్పినవాళ్ళ పరిస్థితి వేరు, ఎవరో చెప్తే పోలీసులు వచ్చి పట్టుకున్న పరిస్థితి వేరు. నేనైతే ముందు క్రిమినల్ కేసులు చూసే ఒక లాయర్ని కలిసి, తాతగారి మరణ ధ్రువీకరణ పత్రం, పాత లైసెన్సు, 1911 కాగితం జిరాక్సులు పెట్టి, సామాను సర్దుతుంటే ఫలానా తేదీన దొరికింది, వారసులుగా అప్పగిస్తున్నాం అని ఒక అర్జీ రాయించమంటాను. చట్టంలో 21వ సెక్షన్ చెప్పేది అదే, ఉంచుకునే హక్కు పోయిన తుపాకీని ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోగానీ లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరగానీ డిపాజిట్ చెయ్యాలి. మందు సీసా, క్యాపుల సంగతి కూడా అర్జీలో రాయండి, వాటిని మీరు మోసుకెళ్ళకండి.

అలాగని తుపాకీని దుప్పట్లో చుట్టి బైకు మీద స్టేషన్‌కి తీసుకెళ్ళకండి, దారిలో ఎవరైనా ఆపితే ఆ అర్జీ కథంతా నడిరోడ్డు మీద చెప్పుకోవాల్సి వస్తుంది. ముందు కాగితం ఇచ్చి, వాళ్ళు వచ్చి తీసుకెళ్తారో మిమ్మల్ని తెమ్మంటారో రాతపూర్వకంగా తేల్చుకోండి. రసీదు తీసుకునేటప్పుడు ‘పాత తుపాకీ ఒకటి’ అని రాసిస్తే ఒప్పుకోవద్దు. లాకు మీద, అంటే ట్రిగ్గరు పైనున్న ఆ ఇనప పలక మీద, ఏం రాసుందో, పట్టీలు ఎన్నో, గొట్టం పొడవెంతో, చెక్క మీద ఎక్కడ పగులుందో అన్నీ రాయించుకోండి. నా సలహా అయితే డిపాజిట్‌కి స్టేషన్ కంటే డీలరు మేలు, నెలకింతని తీసుకుంటారు గానీ నూనె రాసి పెడతారు. మన తీరంలో ఉప్పు గాలికి స్టేషను సామాన్ల గదిలో ఒక్క వర్షాకాలం పడుంటే ఇనుము ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఎక్కడ పెట్టినా మర్చిపోవద్దు, గడువులోపల వారసులు లైసెన్సు తెచ్చుకోకపోయినా, హక్కు ఉన్నవాళ్ళకి అమ్మకపోయినా కలెక్టరు ఉత్తర్వుతో అది ప్రభుత్వానికి జమ అయిపోతుంది.

దీన్ని మీరే ఉంచుకోవాలంటే దారి ఉంది. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసత్వంగా వచ్చిన తుపాకులకి విడిగా ఒక నిబంధన ఉంది, లైసెన్సుదారు చనిపోయాక వారసుడికి లైసెన్సు ఇవ్వొచ్చు. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసులందరి నుంచి అభ్యంతరం లేదని సంతకాలు, ఆపైన పోలీసు విచారణ. ఒక మనిషి పేరు మీద రెండు తుపాకులకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తాతగారి లైసెన్సుకి 2009 తర్వాత రెన్యువల్ లేదు కాబట్టి మీ కేసు కొంచెం నలుగుతుంది, అయినా వదలకండి.

సరే, చరిత్ర.

మీకు అనుమానం తెప్పించిన ఆ ‘కృష్ణా జిల్లా’ అన్న మాటే నాకు ఆ కాగితం మీద నమ్మకం తెప్పించింది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు నరసాపురం అందులోనే ఉంది, కలెక్టరు కాకినాడలో. 1904లో గుంటూరు జిల్లా ఏర్పాటు చేసినప్పుడు సరిహద్దులు మార్చి నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాల్ని గోదావరి నుంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో మళ్ళీ ఆ భాగాన్ని విడదీసి పశ్చిమ గోదావరి అన్నారు, ఏలూరు ముఖ్యపట్టణం. పాత గోదావరి జిల్లాకి తూర్పు గోదావరి అనే పేరు అప్పుడే వచ్చింది. అంటే 1904కీ 1925కీ మధ్య నరసాపురంలో ఎవరికి లైసెన్సు ఇచ్చినా దాని మీద కృష్ణా జిల్లా అనే ఉండాలి. 1911 నాటి కాగితం మీద గోదావరి జిల్లా అని ఉండుంటే అప్పుడు మనం అనుమానపడాల్సింది. ఆయ్, మనకి జిల్లాలు మార్చడం 2022లో కొత్తగా మొదలైన ముచ్చటేం కాదండి.

దీనివల్ల ఇంకో ఉపయోగం ఉంది, ఏ కాలం నాటి రిజిస్టరు ఎక్కడ అడగాలో తెలుస్తుంది. 1878లో ఇండియన్ ఆర్మ్స్ యాక్ట్ వచ్చాకే మనవాళ్ళకి తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి అయ్యింది. అప్పటి నుంచి 1904 దాకా అయితే కాకినాడ, 1904 నుంచి 1925 దాకా మచిలీపట్నం, ఆ తర్వాత ఏలూరు, 2022 ఏప్రిల్ నుంచి భీమవరం. కలెక్టరేట్లో లైసెన్సులు చూసే మెజిస్టీరియల్ సెక్షన్‌లో నోటితో అడిగితే ‘అంత పాతవి ఎక్కడుంటాయండీ’ అనేస్తారు, సమాచార హక్కు చట్టం కింద కాగితం మీద అడగండి, పేరు, ఊరు, సంవత్సరం, లైసెన్సు నంబరు ఇచ్చి ఆ ఎంట్రీ నకలు కావాలని. చాలా రిజిస్టర్లు చెదలు తినేసి ఉంటాయి, వరదలకీ తుపాన్లకీ పోయి ఉంటాయి, అయినా ఖర్చు పది రూపాయలే. చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులు బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ ఒక్కో మనిషి తుపాకీ లైసెన్సు జిల్లా స్థాయి వ్యవహారం, అక్కడికి పరిగెత్తేముందు ఇక్కడ వెతకండి. ఇంట్లో తాతగారి పాత ట్రంకు పెట్టె కూడా గాలించండి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకుల్ని స్టేషన్లో పెట్టిస్తారు కదా, ఆ రసీదులు దొరికితే బంగారం. తుపాకీ వర్ణన, నంబరు, తేదీ అన్నీ వాటి మీద ఉంటాయి.

ఇక ఇంట్లో ఉన్న మూడు కథలు. లాకు మీద 1862 అని ఉంది. అది లాకు తయారైన సంవత్సరం, కాబట్టి తుపాకీ మొత్తం ఒక రూపానికి వచ్చింది అప్పుడో ఆ తర్వాతో. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయ్యింది, కాటన్ దొర 1860లో ఉద్యోగం విరమించుకున్నారు. ఆనకట్ట కట్టేటప్పుడు ఇచ్చాడన్న మాట నిలబడదు. డచ్చి వాళ్ళు పాలకొల్లుతో సహా ఈ తీరంలో ఉన్న స్థావరాలన్నీ 1825లో ఇంగ్లీషు వాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు, పైగా మీ తుపాకీ మీదున్న వి.ఆర్. విక్టోరియా రాణి గుర్తు. పెదనాన్న గారి కథా పోయింది. అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళింది 1922 ఆగస్టులో. మీ కాగితం 1911 నాటిది. ఆ కాగితం ఈ తుపాకీదే అయితే అప్పటికి పదకొండేళ్ళ నుంచి ఇది మీ ఇంట్లోనే ఉంది. అదీకాక 1922 నాటికి పోలీసుల చేతుల్లో ఉన్నవి వెనక నుంచి తూటా పెట్టేవి. బాబాయి గారు నొచ్చుకుంటారేమో, కానీ మన జిల్లాల్లో పాత తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మూడింటిలో ఒక కథ ఉంటుంది, మీ ఇంట్లో మూడూ ఉన్నాయి, అంతే తేడా.

తుపాకీ తనంతట తాను ఏం చెప్తోందో చూద్దాం. మూడు పట్టీలు, హ్యామర్ కింద క్యాపు, టవర్ ముద్ర. ఇవన్నీ కలిపి చూస్తే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ సైనిక తుపాకుల కుటుంబానికి చెందినది. 1857లో సిపాయిలు కొవ్వు పూసిన తూటాల మీద తిరగబడ్డారని బళ్ళో చదువుకున్నాం కదా, ఆ తూటాలు ఈ కుటుంబం కోసం తయారైనవే. టవర్ అని ఉన్నంత మాత్రాన లండన్ టవర్లో చేసింది అనుకోకండి, ప్రైవేటు కాంట్రాక్టర్లు, ఎక్కువగా బర్మింగ్‌హామ్ వాళ్ళు, చేసి ఇచ్చినవాటి మీద ఆ పేరు ఉంటుంది. ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసిన వాటి మీద ఎన్‌ఫీల్డ్ అని ఉంటుంది. కిరీటం కింద వి.ఆర్. ఉంటే సర్కారు సైన్యం కోసం చేసింది, ఉత్త కిరీటమే ఉంటే బజార్లో అమ్మకానికి చేసింది. మీ దాని మీద వి.ఆర్. ఉంది అన్నారు కాబట్టి ఒకప్పుడు సర్కారుదే.

మరి సర్కారు తుపాకీ మీ ఇంటికెలా వచ్చింది? డీలరు దగ్గర చూపించేటప్పుడు భూతద్దం పెట్టి గొట్టం మీద, చెక్క మీద బాణం గుర్తు కోసం వెతికించండి. బాణం ములుకు లాంటి గుర్తు ప్రభుత్వ ఆస్తి అని, దాని కింద ఐ అక్షరం ఉంటే ఇండియా స్టోర్సుది అని. రెండు బాణాలు ములుకు ములుకు తగిలేలా ఎదురెదురుగా కొట్టి ఉంటే ప్రభుత్వమే దాన్ని పనిలోంచి తీసేసి బయటికి అమ్మేసింది అని అర్థం. ఆ గుర్తు దొరికితే మీ పూర్వీకులు దాన్ని దర్జాగా కొనుక్కున్నారని చెప్పుకోవచ్చు, కాటన్ దొర ప్రస్తావన అక్కర్లేకుండానే.

గొట్టం లోపల నున్నగా ఉందన్నారే, అదే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన విషయం. రైఫిల్ అంటే లోపల మెలికలు తిరిగిన గాడులు ఉండాలి. అవి లేకపోతే అది రైఫిల్ కాదు, మస్కెట్. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్ళు భారతీయ సిపాయిల చేతికి దూరం కొట్టే రైఫిళ్ళు ఇవ్వడానికి భయపడి, పైకి అచ్చం ఎన్‌ఫీల్డ్ లాగే కనిపిస్తూ లోపల నున్నగా ఉండే తుపాకుల్ని ప్రత్యేకంగా చేయించారు, 1858, 1859 నమూనాలని వాటిని అంటారు. 1862 అన్న సంవత్సరం దానికి సరిగ్గా సరిపోతుంది. అయితే ఇంకో అవకాశం కూడా ఉంది, మామూలు రైఫిల్‌కే తర్వాత ఎవరో గాడులు తొలిచేసి చిన్న గుళ్ళు కాల్చుకోవడానికి వీలుగా నున్నగా చేయించి ఉండొచ్చు. తేల్చడానికి రెండు చోట్ల చూడాలి. గొట్టం మీద వెనక వైపు గురి చూసే భాగం పైకి లేచే నిచ్చెనలా, గజాల అంకెలతో ఉంటే అది మొదట రైఫిల్. కదలకుండా చిన్న దిమ్మలా, మధ్యలో గాటు మాత్రమే ఉంటే సిపాయిల మస్కెట్. రెండోది మూతి దగ్గర లోపలి వ్యాసం. రైఫిల్‌ది 0.577 అంగుళాలు, అంటే దాదాపు 14.7 మిల్లీమీటర్లు. సిపాయిల మస్కెట్‌ది 0.656, అంటే 16.7 దగ్గర. తుపాకీ ఖాళీగా ఉందని తేలాక డీలరు దగ్గరే వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పెట్టి కొలిపించండి, ఐదు నిమిషాల పని. అది సిపాయిల మస్కెట్ అని తేలితే, నా దృష్టిలో కాటన్ దొర కథకన్నా గొప్ప చరిత్రే మీ చేతిలో ఉన్నట్టు. పాలించేవాడికి తన సిపాయి అంటేనే ఎంత భయమో ఇనుములో పోత పోసినట్టు కనిపిస్తుంది అందులో.

నకిలీల గురించి కూడా ఒక మాట. వాయవ్య సరిహద్దులో, ఖైబర్ వైపు, ఇంగ్లీషు తుపాకుల్ని చూసి చేత్తో కాపీలు కొట్టేవారు, ముద్రలతో సహా. విక్టోరియా 1901లో పోయింది కాబట్టి వి.ఆర్. పక్కన ఆ తర్వాతి సంవత్సరం ఉంటే నకిలీయే, ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉన్నా అంతే. మీ దానికి ఆ లక్షణాలు లేవు. కొత్తగా చేసి పాతబరిచినవీ ఉంటాయి గానీ, 1911 కాగితంలో వర్ణన దీనికి కలిస్తే ఆ బెంగ అక్కర్లేదు. కాగితంలో నంబరు లేదని కంగారు పడొద్దు, ఈ తరహా సైనిక తుపాకుల మీద తయారీ నంబరు సాధారణంగా ఉండదు, తర్వాత లైసెన్సు కోసం ఇక్కడ కొట్టించిన అంకెలు ఏమైనా ఉన్నాయేమో చూడాలి. అదే కారణంగా, డబ్బులు పంపితే కంపెనీ రికార్డులు తీసి సర్టిఫికెట్ ఇస్తాం అని ఇంటర్నెట్‌లో ఎవరైనా అంటే నమ్మకండి, మీ దానికి అలాంటి లెడ్జరు ఉండదు. ఇది చదివే మిగతావాళ్ళ ఇళ్ళలో వెస్ట్‌లీ రిచర్డ్స్, హాలండ్ అండ్ హాలండ్ లాంటి కంపెనీల డబుల్ బ్యారెల్ ఉంటే వేరే సంగతి, వాళ్ళ దగ్గర సీరియల్ నంబర్ల పుస్తకాలు ఉన్నాయి, రాస్తే ఎప్పుడు ఎవరికి అమ్మారో చెప్తారు. పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్ అని ఉంటే అది అమ్మిన షాపు పేరు అనుకోండి, చేసినవాడు ఇంగ్లండ్‌లో ఇంకొకడు. కోడిగుడ్డు ఆకారంలో ఈ.ఎల్.జి. ముద్ర ఉంటే బెల్జియం సరుకు, మన వైపు ‘ఇంగ్లీషు తుపాకీ’ అని చెప్పుకునేవాటిలో ఇవి బోలెడు.

ధర. మీ బావగారు అమెరికా వేలంలో చూసిన రేట్లని మర్చిపోండి. ఈ ఎన్‌ఫీల్డులు ప్రపంచవ్యాప్తంగా లక్షల్లో తయారయ్యాయి, అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ వీటిని కొనుక్కెళ్ళాయి, అక్కడ పెద్ద ధర పలికేవి ఆ యుద్ధంతో సంబంధం కాగితం మీద రుజువైనవి. మీది నరసాపురంలో ఉంది. వందేళ్ళు దాటిన వస్తువు కాబట్టి 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు, బావగారు సూట్‌కేసులో పెట్టుకెళ్ళే ఆలోచన ఏమన్నా ఉంటే ఇక్కడే ఆపించండి. ఇక్కడ అమ్మాలంటే కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అమ్మేముందు కలెక్టరుకో స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి, అసలు ముందు మీ దగ్గరున్నది చట్టబద్ధం కావాలి. రెండే తుపాకులు ఉంచుకోనిచ్చే చోట, తోటలో పందుల్ని తోలడానికో ఆత్మరక్షణకో కొనేవాడు మూతి నుంచి మందు కూరే తుపాకీ మీద ఒక లైసెన్సు ఎందుకు ఖర్చు పెట్టుకుంటాడు? పాత ఇంగ్లీషు డబుల్ బ్యారెల్స్‌కి మన దేశంలో గిరాకీ ఉంది, దిగుమతులు దశాబ్దాల క్రితమే బిగించేశారు కాబట్టి. మీ దానికి మాత్రం కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, సేకరించే అలవాటున్న లైసెన్సుదారులు, మ్యూజియాలు. అందుకే అంకె చెప్పమంటే నేను చెప్పను. ఇద్దరు వేరువేరు డీలర్లతో రాతపూర్వకంగా విలువ కట్టించండి, వాళ్ళలో ‘నేనే కొంటాను’ అన్నవాడి అంకెని కొంచెం అనుమానంగా చూడండి. సిపాయిల మస్కెట్ అని తేలి, 1911 లైసెన్సు, తాతగారి పుస్తకం, ఎన్నికల రసీదులు ఒకే ఫైల్లో పెట్టగలిగితే తుపాకీ ఒక్కటే ఉన్నదానికన్నా విలువ పెరుగుతుంది. ఈ ఫైలు విడగొట్టి పెదనాన్న ఇంట్లో ఒక కాగితం, బాబాయి ఇంట్లో ఒక కాగితం పెట్టుకోకండి.

ఆ విలువని ఒక్క పూటలో నాశనం చేసే పని ఇంకోటి ఉంది, శుభ్రం చెయ్యడం. మండువా ఇంటి సామాన్లన్నీ చింతపండు, బూడిద పెట్టి తోముతున్న ఊపులో దీన్ని కూడా బిందెలా మిలమిలా మెరిపిస్తే గుర్తులు అరిగిపోతాయి, నూట అరవై ఏళ్ళుగా పట్టిన ఆ గోధుమ రంగు పోతుంది, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. గరుకు కాగితం పెట్టి రుద్దితే చెప్పనే అక్కర్లేదు. తుపాకీ మీది గుర్తుల్ని చెరపడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం కూడా, ‘తుప్పు వదిలించానండీ’ అంటే వినేవాడు ఎవడో తెలీదు. కొబ్బరి నూనె అస్సలు రాయొద్దు, మన ఇళ్ళలో తలుపు కీళ్ళకి కూడా అదే రాస్తాం గానీ అది కొన్నాళ్ళకి జిడ్డుగట్టి దుమ్ము పట్టి కింద తుప్పుని దాస్తుంది. తోలు సంచీలో, గుడ్డలో చుట్టి ఉంచొద్దు, అవి తేమని పట్టి ఉంచుతాయి. డిపాజిట్ చేశాక డీలరు పల్చగా గన్ ఆయిల్ రాస్తాడు, చాలు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు కదపకుండా నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి, అర్జీకి పనికొస్తాయి. వాట్సాప్ స్టేటస్‌కి మాత్రం కాదు. ఇప్పటికే బంధువుల గ్రూపులోకి వెళ్ళి ఉంటే తీసేయమనండి, దసరాకి ఆయుధపూజలో పెడదాం అనే ప్రస్తావన వచ్చినా లైసెన్సు వచ్చాకే అనండి.

ఆఖరుగా వాటాల సంగతి. మీ ఉత్తరంలో నాన్న, పెదనాన్న, బాబాయి, బావ అందరూ ఉన్నారు గానీ మేనత్తలు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే వాళ్ళ సంతకాలు కూడా కావాలి, వారసులే కదా. లైసెన్సు ఒక్కరి పేరు మీదే వస్తుంది, కాబట్టి ఎవరి పేరు మీద తెచ్చుకోవాలి, రేపు అమ్మితే వచ్చింది ఎలా పంచుకోవాలి అన్నది స్టేషన్‌కి అర్జీ ఇచ్చే ముందే కూర్చుని తేల్చుకుని కాగితం రాసుకోండి. ఎవరికీ లైసెన్సు తెచ్చుకునే ఓపిక లేకపోతే రాజమండ్రి గోదావరి గట్టు మీద రాళ్ళబండి సుబ్బారావు పేరు మీదున్న ప్రభుత్వ మ్యూజియం వాళ్ళని తీసుకుంటారేమో అడగండి, ఇచ్చేటప్పుడు 1911 కాగితం నకలు కూడా జతచేసి, పక్కన పెట్టే బోర్డు మీద కాటన్ దొర పేరు రాయించకుండా చూసుకోండి.